ఇంటి బాయిలరు – ఊక గుళికలు

(మన గ్రంథాలయ రజతోత్సవముల సందర్భమున చేసిన ప్రసంగపాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గూర్చియో, చరిత్రను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నన్ను మాత్రము కార్యదర్శిగారు, "మాస్టారూ, మీ పెరటిలోని బాయిలరును గూర్చి చెప్పండి. ఈ నెలలో దానిని చూడవచ్చినవారు మన పఠనమందిరమునకు వచ్చినవారికంటె ఎక్కువ" అని ఆజ్ఞాపించిరి. అది పరిహాసమునకు అన్న మాటయే. కాని నీళ్ళు కాచుకొనుట ప్రతి ఉదయమును, ప్రతి యింటను జరుగు పని. దానిలో ఒకరి కన్నులు, ఒకరి ఊపిరి, ఒక్కొక్కచో ప్రాణములు సైతము పణముగా ఉన్నవి. నేను ఇంజనీరును కాను. లెక్కలు చెప్పి విశ్రాంతి పొందిన బడిపంతులును. కనుక దారిలో లెక్క కనబడినచోట ఆగక మానను. తాము కొంచెము ఓపిక పట్టవలెను.

మన వంటయిండ్లు మారినవి. 1999లో దీపం పథకము వచ్చినది. 2016లో ఉజ్జ్వల యోజన వచ్చినది. నేడు పేదయింట కూడ అన్నము గ్యాసుమీదనే ఉడుకుచున్నది. అయితే స్నానపు నీళ్ళకు సిలిండరు ఖర్చుపెట్టుటకు ఏ యిల్లాలికిని చేతులు రావు. అందుచేత పెరటిలోని నీళ్ళపొయ్యి అట్లే ఉండిపోయినది. కొబ్బరి మట్టలు, డొక్కలు, తాటి కమ్మలు, పిడకలు, సరుగుడు పుల్లలు – వాన వెలిసిన మరునాడు ఇవన్నియు తడిగానే పొయ్యిలోనికి పోవును. ధనుర్మాసపు తెల్లవారుజామున మన వీధులలో నడచిన వారికి మంచు ఏదో, పొగ ఏదో తెలియదు. పొగ వంటయింటినుండి పెరటికి జరిగినది; ఊదుగొట్టము పట్టుకొని కూర్చున్న మనిషి మాత్రము మారలేదు. ఇండ్లలోని పొగవలన 2020వ సంవత్సరమున ప్రపంచమందు సుమారు 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. అందులో మన పెరళ్ళ భాగమెంతయో విడదీసి చెప్పువారు లేరు; కాని మన యిండ్లలోని పెద్ద ఆడవారి దగ్గులు మనము ఎరుగనివి కావు.

పొగలేని పొయ్యి యను ఆలోచన మనకు క్రొత్తది కాదు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో పనిచేసిన డాక్టరు ఎస్. పి. రాజుగారు పొగగొట్టముగల మట్టిపొయ్యి నొకదానిని రూపొందించి, కోట్లమందికి పొగలేని వంటయిండ్లు అను అర్థము వచ్చు పేరుతో 1953లో మద్రాసునుండి ఇంగ్లీషున ఒక చిన్న పుస్తకము వెలువరించిరి. తరువాత 1980 దశకమున కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిలను దేశమంతట పంచసాగినది. 2002లో ఆ కార్యక్రమము ముగియునాటికి మూడుకోట్లకు పైగా పొయ్యిలు ఇండ్లకు చేరినవి. అందు అనేకము కొలది యేండ్లలోనే మూలబడినవి. పొయ్యి చెడ్డదై కాదు. గొట్టములో మసి పేరుకొన్నపుడు దులుపువారు లేక, పగిలినపుడు అతుకువారు లేక. పెట్టించుట ఒక పూట పని. దానితో కాపురము చేయుట వేరు. నేడు నేను చెప్పదలచినది ఆ కాపురమును గూర్చియే.

చలిదేశములవారి బాయిలరు ఎట్లుండునో మొదట చెప్పెదను. ఆస్ట్రియా, స్వీడను, జర్మనీ దేశములలో రంపపు పొట్టును ఆరబెట్టి, గట్టి యంత్రములో అదిమి, చిటికెనవ్రేలికంటె సన్నని గుళికలుగా చేయుదురు. గుళికలనగానే చేలో చల్లు మందు గుళికలను తలంపకుడు, ఇవి కట్టెయే. కట్టెలో సహజముగానున్న ఒక జిగురు ఆ వేడికిని, ఒత్తిడికిని మెత్తబడి పొట్టును పట్టి ఉంచును. వేరు బంక అక్కరలేదు. లావు 6 లేక 8 మిల్లీమీటర్లు. తేమ నూటికి పదిపాళ్ళకు మించరాదు. మేలురకములో బూడిద నూటికి ఒక పాలుకూడ ఉండదు. అక్కడ లారీ వచ్చి, గొట్టముద్వారా గుళికలను ఇంటి నేలమాళిగలోనికి ఊదిపోవును. మర వానిని కొంచెము కొంచెముగా పొయ్యిలోనికి త్రోయును. విద్యుత్తే అంటించును, విద్యుత్తే గాలి విసరును. ఇల్లంతయు వెచ్చబడుటకు ఏటికి నాలుగైదు టన్నులు కాలును.

ఆ యంత్రమును తెచ్చి పెనుగొండలో పెట్టవలెనని నేను చెప్పను. మనకు ఇల్లు వెచ్చబడనక్కరలేదు, చల్లబడిన చాలును. కరెంటు పోయినచో ఆ పొయ్యియు పోవును. అంతకంటె పెద్ద చిక్కు, మనకు చేరువగా దొరకునది రంపపు పొట్టు కాదు, ఊక. ఊకలో బూడిద నూటికి పదునెనిమిది, ఇరువది పాళ్ళు. అందు తొమ్మిది వంతులు ఇసుక జాతికి చెందిన పదార్థమే. ఆస్ట్రియావాని పొయ్యిలో ఊక గుళికలు పోసినచో మూడవనాటికి దాని గొంతు పూడిపోవును. మనము గ్రహించవలసినది ఆ యంత్రమును కాదు, రెండు సూత్రములను: వంటచెరకు పొడిగా ఉండవలెను, ఒకే కొలతగా ఉండవలెను. ఈ రెండును కుదిరినచో నిప్పు చెప్పినమాట వినును.

ఈ సూత్రములు మన పెద్దలు ఎరుగనివా? దాలిగుంటను జ్ఞాపకము చేసికొనుడు. పిడకలు పేర్చి, పైన ఊక కప్పి, పాలకుండ దించి పోయినచో సాయంకాలము వరకు ఎవరును ఊదనక్కరలేదు. పాలు ఎర్రగా కాగి మీగడ కట్టెడివి. రేకుడబ్బాలో నడుమ సీసా నిలిపి, చుట్టును ఊక దట్టించి, సీసా మెల్లగా లాగివేసి వెలిగించు ఊకపొయ్యిని ఈ సభలో అనేకులు చూచియుందురు. ఆ ఊకపొయ్యియే గుళికల పొయ్యికి తాత.

ఇక లెక్క. గోదావరి మీద ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైన నాటినుండి మన సీమ వరిసీమ. 75 కిలోల ధాన్యపు బస్తా ఆడించినచో సుమారు 15 కిలోల ఊక వచ్చును. మన పొరుగుననున్న మార్టేరు పరిశోధనస్థానము 1982లో విడుదల చేసిన స్వర్ణ వరి యొక యెకరమున 30 బస్తాలు పండినదనుకొనుడు. ఊక 450 కిలోలు. అయిదుగురున్న యింటికి 60 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు కాచినచో, చన్నీళ్ళు తొరపి అందరును స్నానము చేయవచ్చును. అందులకు కావలసిన వేడి 2100 కిలోకేలరీలు. కిలో ఊకలో ఇంచుమించు 3000 నుండి 3500 వరకు ఉండును. సగము వేడి గొట్టముగుండ పోయినదనుకొన్నను, దినమునకు ఒకటింబావు కిలో చాలును. 450ని ఒకటింబావుతో భాగింపుడు: 360. ఎకరము పొలములోని ఒక పంట ఊక ఒక కుటుంబమునకు ఏడాది స్నానము! ఈ లెక్క తేలిననాడు నాకు రాత్రి నిద్రపట్టలేదు. అదే పని విద్యుత్తుతో చేయుటకు దినమునకు రెండున్నర యూనిట్లు పట్టును.

అయితే లెక్క కాగితముమీద ఉన్నంత సులభముగా పెరటిలో ఉండదు. మొదటిది, ఊక మన చేతిలో లేదు. రైతు ధాన్యము నమ్మును. ఊక మిల్లులో మిగులును. ఉప్పుడు బియ్యపు మిల్లులు తమ బాయిలర్లకు కొంత వాడుకొని, తక్కినది ఇటుక బట్టీలకును, విద్యుత్కేంద్రములకును అమ్మును. బొగ్గుతో నడచు విద్యుత్కేంద్రములు నూటికి అయిదు పాళ్ళయినను ఇట్టి గుళికలు కలపవలెనని 2021 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఉత్తరువు చేసినది. ఒకనాడు గట్టుమీద పారబోసిన సరకునకు నేడు పెద్దపెద్ద బేరగాండ్రు వచ్చినారు. ధర చెప్పుమందురా? నేను చెప్పిన సంఖ్య ఈ సంచిక అచ్చగునప్పటికి పాతబడును. కావున కొనబోవు ముందు దినమునకు ఒకటింబావు కిలో గుళికల ధరను, రెండున్నర యూనిట్ల కరెంటు ధరను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడుడు. సొంత ధాన్యము మరపట్టించుకొని ఊక ఇంటికి తెచ్చుకొనువారికి ఒక ఫలితము, బస్తా కొనువారికి వేరు ఫలితము వచ్చును.

రెండవది, విడి ఊక చోటు తినును. ఘనపుమీటరుకు నూరు కిలోలకు అటూ ఇటూ తూగును. 450 కిలోల ఊక దాచుటకు నాలుగున్నర ఘనపుమీటర్ల చోటు కావలెను. దానినే గుళికలుగా అదిమినచో ముప్పాతిక ఘనపుమీటరు చాలును. గుళికలవలన కలుగు మేలులో సగము ఇదియే. ఉత్త ఊకను అదుముట యంత్రమునకు కష్టము. అందలి ఇసుకకు అచ్చులు త్వరగా అరిగిపోవును. అందుచేత ఊకలో రంపపు పొట్టు కలిపి చేసిన గుళికలు మేలు. బూడిదయు తగ్గును.

మా యింట ఉన్నది మా తాతగారినాటి రాగి బాయిలరే. నడుమ గొట్టము, చుట్టును నీరు, ప్రక్కన కుళాయి. తాము ఎరిగినదే. దానిక్రింది ఇనుప జాలిని తీసివేసి, రెండు కిలోల గుళికలు పట్టు ఉక్కు కుండ నొకదానిని వెల్డింగు పనివానిచే చేయించితిని. కుండ అడుగున గాలి కన్నములు, వానికి జరుపుడు మూత. పై అంచున మరియొక వరుస కన్నములు. గుళికలు పోసి, క్రిందనుండి కాదు, పైనుండి కొబ్బరిపీచుతో అంటించవలెను. మంట మెల్లగా దిగును. అడుగుననున్న గుళికలు వేడికి విడుచు ఆవిరియే మనము పొగ యనునది; అది పై కన్నముల దగ్గర క్రొత్తగాలితో కలసి మండిపోవును. పొగయనగా కాలని వంటచెరకు. కన్నులలోనికి పోవునది మన డబ్బే. మొదటి అయిదు నిముషములు కొంచెము పొగ కనబడును. తరువాత గొట్టముపైన వేడిగాలి వణకుట తప్ప ఏమియు కనబడదు. గంటకు నీళ్ళు కాగును.

గొట్టము విషయమున పిసినితనము పనికిరాదు. ఇంటి కప్పునకు రెండడుగులైనను పైకి పోవలెను. కొనకు రేకుటోపీ ఉండవలెను. పొరుగువారి కిటికీ గాలివాటమున ఉన్నదేమో చూచుకొనవలెను. తాటాకు కప్పులకు దగ్గరగా ఈ పొయ్యి అసలే కూడదు. నెలకొకసారి పీచు చుట్టను తాటికి కట్టి గొట్టములో పైకి క్రిందికి లాగవలెను. ఆ పనికి మా యింట అమావాస్య నియమించితిమి. శాస్త్రము కాదు, మరచిపోకుండుటకు.

ఇపుడు ప్రాణముతో కూడిన మాట. ఈ పొయ్యి పెట్టిన వారమునకు మా అమ్మగారు దానిని చూచి, "పొగలేని నిప్పంటే నాకు భయంరా నాయనా. పొగుంటే నిప్పెక్కడుందో తెలుస్తుంది" అనిరి. అందరును నవ్విరి. ఆమె అన్నది అక్షరాల నిజము. సరిగా కాలని నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తమును ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. తలనొప్పి, వాంతి, మగత – అంతటితో మనిషి లేవలేక అక్కడనే ఒరగిపోవును. మంట ఆరి ఎర్రని నిప్పులు మిగిలిన సమయముననే ఇది ఎక్కువగా పుట్టును. సరిగా అప్పుడే మనము పొగ పోయినదికదా యని తలుపు వేసికొని స్నానమునకు దిగుదుము! కనుక బాయిలరు స్నానపు గదిలో ఉండరాదు. గోడకు ఆవల, తెరపి పెరటిలో పెట్టి, నీటిగొట్టమును మాత్రమే లోపలికి తేవలెను. నిప్పులకుంపటి చలికి గదిలో పెట్టుకొని పరుండువారికిని ఇదే హెచ్చరిక. గుళికల బస్తాలు సయితము గాలి చొరని గదిలో రాసిపోయరాదు. నిల్వయున్న కట్టె గుళికలనుండి ఈ వాయువే మెల్లగా వెలువడును. ఐరోపాలో అట్టి గదులలోనికి దిగిన మనుషులు మరణించిన సందర్భములు కలవు.

రెండవ అపాయము ఆవిరి. లీటరు నీరు ఆవిరియైనచో 1600 రెట్లకు పైగా పెరుగును. బాయిలరు మూతను గట్టిగా బిగించుట, పైన ఆవిరిపోవు కన్నమును గుడ్డతో క్రుక్కుట బాంబు చేయుటయే. వేడి నిలుచునని కొందరు అట్లు చేయుదురు. కన్నము ఎప్పుడును తెరచియుండవలెను. నీరు లేక వెలిగించినచో రాగి అతుకులు ఊడును. అందుచేత కుళాయి త్రిప్పి, నీరు వచ్చుట చూచిన తరువాతనే అగ్గిపుల్ల గీయవలెను.

ఈ సీమలో గుళికలకు శత్రువు వాన. శ్రావణ భాద్రపదములలో గాలిలోని తేమకే అవి ఉబ్బి, పిండియై రాలును. బస్తాను నేలమీద పెట్టరాదు. మూతగల రేకు పీపాలో పోసి, పీపాను చెక్కబల్లమీద ఉంచవలెను. తడిసిన వంటచెరకు ఎట్లు మోసగించునో చూడుడు: నూటికి నలుబది పాళ్ళు తేమయున్న కట్టె కిలో కొన్నచో మనము కొన్నది ఆరువందల గ్రాముల కట్టె, నాలుగువందల గ్రాముల నీరు. ఆ నీటిని ఆవిరిచేయుటకే సుమారు 240 కిలోకేలరీలు ఖర్చగును. నీళ్ళు కాచుటకు నీళ్ళను కాల్చుట! నిరుడు ఒక వ్యాపారి మాకు పంపిన బస్తాలలో మట్టి కలసియుండెను. కుండ అడుగున కమ్మరి కొలిమిలోని చిట్టెమువంటి గట్టి ముద్ద ఏర్పడి, గాలి కన్నములు పూడిపోయెను. అప్పటినుండి క్రొత్త సరకు రాగానే పది గుళికలను గాజుగ్లాసు నీటిలో వేసి చూచుచున్నాము. మంచి గుళిక నున్నగా మెరయును, విరిచిన పుటుక్కుమనును, నీటిలో మునిగి మెల్లగా పొట్టుగా విడును. గ్లాసు అడుగున బురద తేరినచో ఆ సరకు త్రిప్పి పంపవలెను.

బూడిద దినమునకు రెండువందల గ్రాములవరకు వచ్చును. దానిని చల్లారనిచ్చి, కొంచెము నీరు చిలికి ఎత్తవలెను. పొడిగా చీపురుతో ఊడ్చినచో ఆ ఇసుక ధూళి ఊపిరితిత్తులకు చేటు. మా అమ్మగారు దానితో ఇత్తడి బిందెలు తోమించుచున్నారు. మిగిలినది కొబ్బరిచెట్ల పాదులకు పోవును.

ఇది అందరికిని తగినదా యని అడుగుదురు. కాదు. మిద్దెమీద చోటును, కొంత పెట్టుబడియు ఉన్నవారికి ఎండతో నీళ్ళు కాచు పరికరము దీనికంటె సుఖము. నిప్పు లేదు, బూడిద లేదు. ఒకరిద్దరే ఉన్న యింటికి విద్యుత్తు చాలును. అద్దెయింట గొట్టము పెట్టనియ్యరు. అయిదారుగురుండి, పెరడుండి, నేటికిని మట్టలతోను పిడకలతోను కాచుకొనుచున్న యింటికి మాత్రము ఇది మేలని నా నిశ్చితాభిప్రాయము. బాయిలరు మార్చుటకు శక్తి లేనివారు ఆ మట్టలనే అటకమీద రెండు నెలలు ఎండబెట్టి, జానెడు ముక్కలుగా నరికి, గొట్టమున్న పొయ్యిలో కాల్చుకొనవచ్చును; సగము మేలు అంతటితోనే చేకూరును.

ఇంకొక మార్పు చెప్పవలెను. మట్టలతో నిప్పు రాజేయుటకు నేర్పు కావలెను. ఆ నేర్పు మా యింట ఆడవారికే ఉండెడిది, కనుక ఆ పనియు వారిదే. కొలిచి పోసి, పైన అంటించి, అరగంటకు మూత సగము జరుపుటకు నేర్పు అక్కరలేదు. మగవాడుకూడ చేయగలిగినంత సులభమైన పని. అందుచేత అది నాకు వచ్చినది. మా యింటావిడ ఆ గంటసేపు ఇపుడు మన గ్రంథాలయమునుండి తెచ్చుకొనిన నవలలు చదువుచున్నది. ఆమె తిరిగి యివ్వవలసిన రెండు పుస్తకములకు గడువు దాటినదని కార్యదర్శిగారు నాకు ఇంతకుముందే వేదికమీద చెవిలో చెప్పిరి.

చూడదలచినవారు రేపు ఉదయము అయిదు గంటలకు మా పెరటికి రండి. అంటించుట చూచినగాని అర్థము కాదు. ఆరు దాటిన తరువాత వచ్చినచో బూడిద ఎత్తుట మాత్రమే మిగిలియుండును. ఆ పనికి వచ్చినవారిని నేను ఊరక పంపను.